ప్లేగు పాసు నుంచి ఈ-పాసు దాకా: పురసవాక్కం చూసిన చట్టసభ వాదాలు

చెన్నపట్నం ఉత్తర భాగంలోని పురసవాక్కం 1693లో ఎగ్మూరు, తండయార్‌పేటలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన గ్రామం. గంగాధీశ్వరుడి గుడి, దాని కోనేరు, చుట్టూ తోటలతో ఉన్న ఊరు క్రమంగా నగరంలో కలిసిపోయింది. పక్కన వేపేరి, పైన పెరంబూరు, పడమట కీల్పాక్. నగర పాలకులు జనం కంటికి దూరంగా ఉంచాలనుకున్నవి చాలాకాలం ఇటువైపే వచ్చాయి. 1871లో మద్రాసు పిచ్చాసుపత్రిని పురసవాక్కంలోని లోకాక్స్ గార్డెన్‌లో తెరిచారు. కీల్పాక్ శ్మశానవాటిక ఈ పక్కనే ఉంది. తర్వాతి కాలంలో కీల్పాక్ ప్రభుత్వ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి వచ్చాయి. అందుకే అంటువ్యాధుల కాలంలో చట్టసభ చేసిన శాసనాలు ఈ పేట వీధుల్లో వెంటనే అమలుకు వచ్చాయి. ఆ శాసనాలు చేసేటప్పుడు సభల్లో ఏ భావాల మీద వాదన నడిచిందన్నదే ఇక్కడి విషయం. స్వేచ్ఛ, అత్యవసరం, జవాబుదారీతనం, రాష్ట్రాల హక్కు అనే మాటలకు మహమ్మారి వచ్చినప్పుడల్లా కొత్త అర్థం చెప్పాలని ప్రభుత్వాలు చూశాయి. ఎదుటి పక్షాలు ఆ అర్థాన్ని ప్రశ్నించాయి.

ఈ చరిత్రకు మొదలు 1897. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. ఓడరేవులు మూతపడతాయనీ, ఐరోపా దేశాలు భారత సరుకును ఆపేస్తాయనీ ప్రభుత్వం భయపడింది. 1897 జనవరి 28న కలకత్తాలోని గవర్నర్ జనరల్ శాసనమండలిలో సభ్యుడు జాన్ వుడ్‌బర్న్ ఎపిడమిక్ డిసీజెస్ బిల్లును ప్రవేశపెట్టాడు. ఫిబ్రవరి 4 నాటికి అది చట్టమైంది. అంతా కలిపి ఒక్క వారం. నాలుగే సెక్షన్లున్న ఆ చట్టం, మామూలు చట్టాలు చాలవని ప్రభుత్వానికి అనిపిస్తే తాత్కాలిక నిబంధనలు చేసే అధికారం ఇచ్చింది. రైళ్లలో ప్రయాణికుల తనిఖీ, రోగం ఉందని అనుమానమున్నవారిని వేరుచేయడం ఈ అధికారంలోకి వచ్చాయి. ఆదేశాన్ని ధిక్కరిస్తే శిక్ష. సద్భావంతో పనిచేసిన అధికారి మీద దావా వేయడానికి వీల్లేదు. ఈ అధికారాలు ఎంత విస్తారమైనవో వుడ్‌బర్న్ దాచలేదు. విపత్కాలంలో ప్రభుత్వ విచక్షణను జనం నమ్మాలన్నదే ఆయన వాదన. తర్వాతి 123 ఏళ్లలో ప్రతి ప్రభుత్వమూ ఏదో ఒక రూపంలో ఈ వాదననే వినిపించింది.

నమ్మకం అన్న భావం నాలుగు నెలల్లోనే పరీక్షకు నిలిచింది. పూణేలో ఇళ్ల సోదాలు, ఆడవారి తనిఖీలు రేపిన కోపం 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్ మీద కాల్పులకు దారితీసింది. ఆ తర్వాత తిలక్‌ను రాజద్రోహ నేరం కింద జైలుకు పంపారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో రాజద్రోహ సెక్షన్‌ను మరింత బిగించే సవరణ అదే శాసనమండలి ముందుకు వచ్చింది. అప్పుడు దాన్ని వ్యతిరేకించినవారిలో మద్రాసు ప్రతినిధి పనప్పాకం ఆనందాచార్యులు ఉన్నారు. చిత్తూరు ప్రాంతంలో పుట్టి మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకున్న ఈ తెలుగు న్యాయవాది 1891 నాగపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. ప్లేగు చట్టం, రాజద్రోహ సవరణ ఏడాది తేడాలో ఒకే సభలో ఆమోదం పొందడం యాదృచ్ఛికం అనలేం. జనం శరీరాల మీద అపరిమిత అధికారం తీసుకున్న ప్రభుత్వం, ఆ అధికారాన్ని విమర్శించే నోటి మీదా అధికారం కోరింది.

మద్రాసు నగరానికి ప్లేగు పెద్దగా సోకలేదు. బళ్ళారి వైపు జిల్లాల్లో మాత్రం తీవ్రంగా పాకింది. ప్రెసిడెన్సీ ప్రభుత్వం బొంబాయి పద్ధతికి భిన్నంగా పాస్‌పోర్టు విధానం పెట్టింది. వ్యాధి ఉన్న ఊళ్ల నుంచి వచ్చే ప్రయాణికుడికి ఒక పాసు ఇస్తారు. చేరిన ఊళ్లో అతను పది రోజులపాటు అధికారుల ముందు హాజరు కావాలి. ఇంట్లోకి చొరబడి తనిఖీ చేయడం కన్నా ఇది మెత్తనిదే. కానీ మనిషి కదలికను ప్రభుత్వం పుస్తకంలో రాసుకునే పద్ధతి ఇలా మొదలైంది. పాసు ఎవరికి అవసరం, ఎవరిని అడగకుండా వదిలేస్తారన్నది కింది అధికారి చేతిలో ఉండేది.

అప్పటి మద్రాసు శాసనమండలికి ఈ అధికారుల్ని నిలదీసే శక్తి ఎంత? 1892 ఇండియన్ కౌన్సిల్స్ చట్టం సభ్యులకు మొదటిసారిగా ప్రశ్న అడిగే హక్కు ఇచ్చింది. అయితే ముందుగా రాతపూర్వకంగా పంపాలి. వచ్చిన జవాబు మీద మరో ప్రశ్న వేయకూడదు. బడ్జెట్ మీద మాట్లాడవచ్చు, ఓటు వేయకూడదు. రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులు లాంటి సభ్యులు కూర్చున్న సభ ఇది. అనుబంధ ప్రశ్న వేసే హక్కు, అదీ మొదట ప్రశ్న అడిగినవారికి మాత్రమే, 1909లో వచ్చింది. ప్లేగు కాలమంతా ప్రభుత్వం ఒక్కసారి జవాబు చెప్పి కూర్చోగలిగింది. జవాబుదారీతనం అన్న భావం భారత చట్టసభల్లో ఎంత ఆలస్యంగా, ఎంత పొదుపుగా వచ్చిందో ఈ తేదీలే చెబుతాయి. 2020లో పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయం మీద ఎందుకంత గొడవ జరిగిందో తెలియాలంటే వీటిని గుర్తుంచుకోవాలి.

1919 సంస్కరణలతో ప్రజారోగ్యం, స్థానిక పాలన ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చాయి. పోలీసు, రెవెన్యూ గవర్నర్ దగ్గరే ఉండిపోయాయి. ఈ ద్వంద్వపాలనలో రోగాన్ని ఎదుర్కొనే బాధ్యత మంత్రిది, ఆదేశాన్ని అమలు చేయించే బలం గవర్నర్‌ది. మద్రాసులో స్థానిక పాలన శాఖను మొదట తీసుకున్నది పానగల్లు రాజా, అంటే పానగంటి రామరాయణింగారు. 1921లో ఆయన ప్రధాన మంత్రి అయ్యారు. ఆయన కాలంలో ఇంకొక వాదం నడిచింది. ప్రభుత్వం గుర్తించే వైద్యం ఏది? పాశ్చాత్య వైద్యమొక్కటేనా, ఆయుర్వేద, సిద్ధ, యునానీలకూ చోటుందా? ఉస్మాన్ కమిటీ ఈ ప్రశ్నను పరిశీలించింది. ఆ తర్వాత 1920ల మధ్యలో పురసవాక్కం పక్కన కీల్పాక్‌లో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల వెలిసింది. కోవిడ్ కాలంలో తమిళనాడు ప్రభుత్వమే కబసుర అనే సిద్ధ కషాయాన్ని పంచినప్పుడు మళ్లీ లేచిన చర్చకు పునాది అక్కడుంది.

1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఈ కథలో అన్నిటికన్నా బరువైన ఘట్టం. రాజాజీ మంత్రివర్గంలో టి.ఎస్.ఎస్. రాజన్ ఆరోగ్య మంత్రి. సభాపతి బులుసు సాంబమూర్తి. ప్రకాశం పంతులు, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి మంత్రులుగా ఉన్న ప్రభుత్వమది. ప్రజారోగ్యాన్ని మొత్తంగా ఒకే శాసనం కిందికి తెచ్చిన తొలి చట్టంగా దేశంలో దీనికి పేరుంది. నీరు, మురుగు, దోమలు, తల్లీబిడ్డల సంరక్షణ, సంతల్లో శుభ్రత, ప్రకటించదగిన వ్యాధులు అన్నీ ఇందులో ఉన్నాయి. 1897 చట్టం ప్రభుత్వానికి అధికారం ఇచ్చి ఊరుకుంది. 1939 చట్టం ప్రభుత్వానికీ స్థానిక సంస్థలకూ విధులు కూడా పెట్టింది. రెంటికీ మధ్య ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. ఆరోగ్యం పాలకుల దయ కాదని, వారు చేసి తీరవలసిన పని అని ఒప్పుకున్న శాసనమిది.

ఆ సభను ఎన్నుకున్నది ఆస్తి, చదువు వంటి అర్హతలున్నవారే. పెరంబూరు మిల్లులకు నడిచి వెళ్లే కార్మికుల్లో చాలామందికి ఓటు లేదు. పైగా చట్టం వచ్చిన ఏడాదే, అక్టోబరులో, యుద్ధం విషయమై కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1946 వరకు గవర్నర్ తన సలహాదారులతో పాలించాడు. ఆరోగ్య అధికారి ఇంట్లోకి వచ్చి తనిఖీ చేసే అధికారం మిగిలింది. దాని మీద మంత్రిని అడిగే సభ మిగల్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత పురసవాక్కం పేరుతోనే ఒక శాసనసభ నియోజకవర్గం ఏర్పడింది. ఇక్కడి నుంచి పలుమార్లు గెలిచిన వారిలో ద్రావిడ మున్నేట్ర కళగం (డీఎంకే) నాయకుడు, ప్రొఫెసర్‌గా పిలిచే కె. అన్బళగన్ ముఖ్యులు. 1971 కరుణానిధి మంత్రివర్గంలో ఆయన ఆరోగ్య మంత్రి. దేశం నుంచి మశూచిని తరిమేసిన సంవత్సరాలవి. నియోజకవర్గాల పునర్విభజనలో పురసవాక్కం స్థానం రద్దయింది. 2011 నుంచి ఈ ప్రాంతం ఎగ్మూరు, విల్లివాక్కం స్థానాల్లో ఉంది. అన్బళగన్ 97 ఏళ్ల వయసులో, 2020 మార్చి 7న కన్నుమూశారు. తమిళనాడులో తొలి కోవిడ్ కేసు నిర్ధారణ అయిన రోజు కూడా అదే.

రెండు రోజుల తర్వాత శాసనసభ కూడింది. ఏప్రిల్ దాకా సాగవలసిన ఆ సమావేశాలు వైరస్ భయంతో తగ్గుతూ వచ్చాయి. ఇక్కడ పక్షాలు తీసుకున్న వైఖరి గమనించదగ్గది. సభను వెంటనే వాయిదా వేయాలన్నది ప్రతిపక్షమైన డీఎంకే. కొనసాగించింది ఎడప్పాడి పళనిస్వామి ప్రభుత్వం. మార్చి 23న డీఎంకే సభను బహిష్కరించింది. 24న ముఖ్యమంత్రి బియ్యం కార్డుదారులకు వెయ్యి రూపాయల చొప్పున సాయంతో కూడిన 3,280 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అదే రోజు సభ నిరవధికంగా వాయిదా పడింది. ఢిల్లీలో అంతకు ముందు రోజే లోక్‌సభ ఆర్థిక బిల్లును చర్చ లేకుండా ఆమోదించి వాయిదా పడింది. చట్టసభ అత్యవసర సేవా, మూసివేయదగ్గ గుంపా? మార్చిలో మూయమన్నవారే తర్వాత నెలల్లో తెరవమన్నారు. దీన్ని అవకాశవాదం అనడం సులువు. కానీ మార్చిలో అడిగింది ప్రాణరక్షణ, తర్వాత అడిగింది లెక్క. రెండూ ప్రతిపక్షం అడగవలసినవే.

రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం 174వ అధికరణం చెబుతుంది. తమిళనాడు సభ దాదాపు ఆ గడువు చివర, సెప్టెంబరు 14న తిరిగి కూడింది. ఈ మధ్యలోనే నగరం కోవిడ్ మొదటి అలను అనుభవించింది. మే 5న కోయంబేడు మార్కెట్ మూతపడింది. జూన్ 19 నుంచి 30 దాకా చెన్నైలో కఠిన లాక్‌డౌన్. పురసవాక్కం హైరోడ్డులోని బట్టల కొట్లు, నగల కొట్లు నెలల తరబడి షట్టర్లు దించుకున్నాయి. ఇవన్నీ 1897 చట్టం కింద చేసిన నిబంధనలతోనూ, 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ఢిల్లీ ఇచ్చిన ఆదేశాలతోనూ నడిచాయి. ఏ ఒక్క ఆదేశం మీదా ముందుగా సభలో చర్చ జరగలేదు.

ఆ నెలల్లో మూడు సంఘటనలు ఈ భావాల్ని కాగితం మీద నుంచి వీధిలోకి తెచ్చాయి. మొదటిది ఏప్రిల్ 19 రాత్రి కీల్పాక్‌లో జరిగింది. కోవిడ్‌తో మరణించిన ఒక న్యూరోసర్జన్ మృతదేహాన్ని అక్కడి శ్మశానవాటికకు తెస్తే స్థానికులు అడ్డుకున్నారు. తర్వాత అన్నానగర్ వైపు శ్మశానంలో, దాడి మధ్య, ఖననం ముగించవలసి వచ్చింది. గౌరవంగా అంత్యక్రియలు జరగడం జీవించే హక్కులో భాగమేనని మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి చెప్పింది. వారం తిరగకుండా రాష్ట్ర ప్రభుత్వం 1939 ప్రజారోగ్య చట్టాన్ని ఆర్డినెన్స్‌తో సవరించింది. ప్రకటిత వ్యాధితో మరణించినవారి అంత్యక్రియల్ని అడ్డుకుంటే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. శిక్ష న్యాయమైనదే. అయితే భయపడిన జనానికి ముందే నిజం చెప్పి ఉంటే ఆ రాత్రి వేరుగా ఉండేదన్న ప్రశ్న అడగడానికి సభ లేదు.

రెండోది సరిహద్దు. ఏప్రిల్ చివర్లో వెల్లూరు జిల్లా యంత్రాంగం గుడియాత్తం వైపు ఆంధ్ర సరిహద్దు రోడ్లకు అడ్డంగా గోడలు కట్టించింది. చిత్తూరు జిల్లా నుంచి ఆసుపత్రులకు, సరుకులకు తమిళనాడు వైపు వెళ్లేవారికి దారి మూసుకుపోయింది. విమర్శలు రాగానే ఆ గోడల్ని పడగొట్టారు. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగంలో ఉంది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధి పాకకుండా ఆపే విషయం ఉమ్మడి జాబితాలో ఉంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చవలసింది చట్టసభలు. ఆ పని ఒక జిల్లా యంత్రాంగం సిమెంటు దిమ్మెలతో చేసింది.

మూడోది ఈ-పాసు. జిల్లా దాటాలంటే ఆన్‌లైన్‌లో అనుమతి కావాలి. చావుకు, పెళ్లికి, వైద్యానికి మాత్రమే మొదట దొరికేది. మధ్యవర్తులు డబ్బు తీసుకుని పాసులు ఇప్పిస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి. డీఎంకే రద్దు చేయమంది. ఆగస్టు 17 నుంచి అడిగినవారందరికీ ఇచ్చారు, సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రం లోపల ఎత్తేశారు. పాసు మీద అభ్యంతరం ఈసారి గట్టిగా వినిపించింది. కాకపోతే సభలో కాదు, పత్రికల్లో.

లెక్కల మీద వాదం కూడా అలాగే సాగింది. చెన్నైలో మరణాలు నమోదు కాకుండా పోతున్నాయన్న విమర్శ జూన్‌లో పెరిగింది. ప్రభుత్వం కమిటీ వేసింది. జూలై 22న నగరానికి చెందిన 444 మరణాలను అదనంగా లెక్కలోకి చేర్చారు. ఆరోగ్య మంత్రి విజయభాస్కర్ శాఖ తన అంకెను తానే సరిదిద్దుకున్న అరుదైన సందర్భమిది. పారదర్శకత అన్న భావానికి ఈ 444 కన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అడిగేవారు ఉండబట్టే ఆ చనిపోయినవారు లెక్కలోకి వచ్చారు.

సెప్టెంబరు సమావేశాలు సెయింట్ జార్జి కోటలో కాక, భౌతిక దూరం కోసం వాలాజా రోడ్డులోని కలైవాణర్ అరంగంలో జరిగాయి. ఆ స్థలానికి తెలుగువారితో పాత బంధం ఉంది. 1952లో ఎన్నికైన ఉమ్మడి మద్రాసు శాసనసభ 1956 దాకా అక్కడి పాత భవనంలోనే కూర్చుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేవరకు తరిమెల నాగిరెడ్డి వంటి సభ్యులు మాట్లాడిన చోటు అది. 2020లో సభ తన సభ్యుల్లో ఒకరికి నివాళితో మొదలైంది. చేపాక్-తిరువల్లిక్కేణి ఎమ్మెల్యే జె. అన్బళగన్ జూన్ 10న, తన 62వ పుట్టినరోజున, కోవిడ్‌తో చనిపోయారు. దేశంలో ఈ వ్యాధికి బలైన మొదటి శాసనసభ్యుడు ఆయన. నీట్ పరీక్షను రద్దు చేయాలన్న నినాదం రాసిన మాస్కులతో డీఎంకే సభ్యులు వచ్చారు. మూడే రోజుల సభ. మాస్కు లేకపోతే 200 రూపాయలు, బహిరంగంగా ఉమ్మితే 500 రూపాయల జరిమానాకు ఆధారమైన ప్రజారోగ్య చట్ట సవరణ ఆ నెల మొదట్లో ఆర్డినెన్స్‌గా అమల్లోకి వచ్చి, తర్వాత సభకు చేరింది. ముందు ఆదేశం, తర్వాత చర్చ అన్న 1897 క్రమం ఎన్నికైన సభల కాలంలోనూ మారలేదు.

అదే రోజుల్లో ఢిల్లీలో పార్లమెంటు కూడింది. ప్రశ్నోత్తరాల సమయం మొత్తంగా రద్దయింది, శూన్య సమయం సగమైంది. రాతపూర్వక ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు మాత్రం ఉన్నాయి. అంటే 1892 నుంచి 1909 దాకా ఉన్న స్థితికి ఆ సమావేశంలో భారత పార్లమెంటు తిరిగి వెళ్లింది. దీని ఫలితం మొదటి రోజే తెలిసింది. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచి వెళ్తూ మరణించిన వలస కూలీల లెక్క అడిగితే, అలాంటి వివరాలు లేవని కార్మిక శాఖ రాసి ఇచ్చింది. అందువల్ల పరిహారం ప్రశ్నే రాదంది. దీని మీద మంత్రిని నిలబెట్టి మరో ప్రశ్న వేసే వీలు సభ్యులకు లేదు. ఆరోగ్య సిబ్బందిపై దాడులకు ఏడేళ్ల దాకా శిక్ష వేసే 1897 చట్ట సవరణ, ఏప్రిల్‌లో ఆర్డినెన్స్‌గా వచ్చినది, సెప్టెంబరు 19న రాజ్యసభలోనూ 21న లోక్‌సభలోనూ ఆమోదం పొందింది. వెంకయ్యనాయుడు అధ్యక్షత వహించిన రాజ్యసభలోనూ, లోక్‌సభలోనూ సభ్యుల మరణవార్తలు వినవలసి వచ్చింది. తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు సెప్టెంబరు 16న చెన్నై ఆసుపత్రిలోనే కన్నుమూశారు. సభలో కూర్చోవడం నిజంగానే ప్రమాదకరమైన కాలం. అయినా బ్రిటన్ పార్లమెంటు 2020 మార్చిలో తన కరోనా చట్టాన్ని వారం లోపే చేసినా, ఆరు నెలలకోసారి సభ దాన్ని సమీక్షించాలన్న నిబంధన పెట్టుకుంది. హంగరీలో మార్చి 30న ప్రభుత్వానికి గడువు లేని అధికారాలిచ్చారు, జూన్‌లో ఉపసంహరించారు. భారతదేశం గడువూ పెట్టలేదు, సమీక్షా పెట్టలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో వాదం ఎన్నికల చుట్టూ తిరిగింది. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కోవిడ్ కారణంగా స్థానిక ఎన్నికల్ని వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో కమిషనర్ పదవీకాలాన్ని మూడేళ్లకు కుదించి, మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్‌ను నియమించింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. సభ లేని కాలంలో వచ్చిన ఆర్డినెన్స్‌కు అంటువ్యాధితో సంబంధం లేకపోవచ్చునన్నది ఈ కేసు చూపిన విషయం.

2021 మేలో తమిళనాడులో డీఎంకే అధికారంలోకి వచ్చింది. విల్లివాక్కం నుంచి గెలిచిన ఎ. వెట్రియళగన్ ప్రొఫెసర్ అన్బళగన్ మనవడు. రెండో అల ఇంకా తగ్గని జూన్‌లో, కలైవాణర్ అరంగంలోనే, మరో భావం చర్చకు వచ్చింది. కేంద్రాన్ని కొత్త ప్రభుత్వం ‘ఒన్రియ అరసు’ (యూనియన్ ప్రభుత్వం) అని పిలవడాన్ని జూన్ 23న బీజేపీ సభ్యుడు నయినార్ నాగేంద్రన్ ప్రశ్నించారు. భారతదేశం రాష్ట్రాల యూనియన్ అని రాజ్యాంగం మొదటి అధికరణమే చెబుతోందనీ, చట్టంలో లేని మాట తాము వాడడం లేదనీ ముఖ్యమంత్రి స్టాలిన్ జవాబిచ్చారు. ఇది పేరు గొడవ మాత్రమే కాదు. టీకాలు ఎవరు కొనాలి, కోవిడ్ మందుల మీద జీఎస్టీ ఎవరు వదులుకోవాలి, ఆక్సిజన్ ఎవరు పంచాలి అన్న ప్రశ్నల మధ్య వచ్చిన వాదమిది. ఆ జూలై 20న, ఆక్సిజన్ కొరతతో మరణాలు జరిగినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా తెలియజేయలేదని, ఆరోగ్యం రాష్ట్రాల విషయమని కేంద్రం రాజ్యసభకు చెప్పింది. లాక్‌డౌన్ విధించేటప్పుడు జాతీయ విపత్తు అయినది, మరణాల లెక్క దగ్గరికి వచ్చేసరికి రాష్ట్రాల బాధ్యత అయింది. అధికారం, బాధ్యత ఒకే చేతిలో లేనప్పుడు ప్రశ్నకు ఎవరూ దొరకరని ద్వంద్వపాలన కాలంలోనే మద్రాసు అనుభవించింది.

తమిళనాడు శాసనసభ 2022లో కోటకు తిరిగి వెళ్లింది. పురసవాక్కం హైరోడ్డులో పండగ బేరాలు అంతకు ముందే మొదలయ్యాయి. ఎపిడమిక్ డిసీజెస్ చట్టం ఇరవై ఒకటో శతాబ్దపు అవసరాలకు చాలదనీ, సవరించడమో కొత్త చట్టం చేయడమో అవసరమనీ లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో తన 286వ నివేదికలో చెప్పింది. ఒక్క వారంలో చేసిన ఆ చట్టంలో ప్రభుత్వ నిబంధనలకు కాలపరిమితి విధించే సెక్షన్ 1897లో లేదు. 2020 సవరణలోనూ చేర్చలేదు.